సవ్యం, అపసవ్యం: కాంతి చుట్టిన రికార్డులు

చదరపు చట్రం ఒకటి. నాలుగు మూలల్లో నాలుగు అద్దాలు. ఒక పక్క హీలియం, నియాన్ వాయువులు నింపిన సన్నటి గొట్టం. ఆ గొట్టంలో పుట్టిన ఎర్రటి లేజర్ కాంతి అద్దం నుంచి అద్దానికి మళ్ళుతూ చట్రాన్ని చుట్టేస్తుంది. ఒక కిరణం సవ్య దిశలో తిరిగితే, రెండోది అదే దారిలో అపసవ్య దిశలో తిరుగుతుంది. దీన్నే రింగ్ లేజర్ అంటారు. చట్రం నిశ్చలంగా ఉంటే రెండు కిరణాల పౌనఃపున్యం ఒక్కటే. చట్రం తిరగడం మొదలైందా, తిరిగే వైపే సాగే కిరణం ప్రతి చుట్టులోనూ రవ్వంత ఎక్కువ దూరం పోవాలి. ఎదురు దిశ కిరణానికి అంత దూరమూ తగ్గుతుంది. రెండింటినీ ఒకచోట కలిపితే ఆ తేడా విస్పందనాలుగా, అంటే కాంతి తీవ్రతలో క్రమంగా వచ్చే హెచ్చుతగ్గులుగా బయటపడుతుంది.

ఈ పరికరం గొప్పతనం దాని దారిలోనే ఉంది. వేడికి అద్దం జరిగినా, పీడనం మారి గొట్టం సాగినా ఆ మార్పు రెండు కిరణాలకూ సమానమే కనుక తేడాలోంచి చాలావరకు చెరిగిపోతుంది. చివరికి మిగిలేది దిక్కును బట్టి పక్షపాతం చూపేది ఏదైనా ఉంటే అది మాత్రమే. ప్రకృతి సౌష్ఠవాల గురించి భౌతిక శాస్త్రం అడిగే ప్రశ్న కూడా ఇదే. ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కీ నియమాలు ఒకే తీరుగా ఉన్నాయా? అందుకే ఈ రంగంలో రికార్డులు రెండు రకాలు. భూభ్రమణాన్ని ఇంకా సూక్ష్మంగా కొలవడం ఒకటి. తేడా ఏమీ లేదని ఇంకా కచ్చితంగా చెప్పగలగడం రెండోది. రెండింటిలోంచీ ఏరిన విశేషాలు ఇవి.

కోరింది ఒకటి, దొరికింది ఒకటి

1913లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జార్జ్ సాన్యాక్ ఒక తిరిగే బల్ల మీద దీపం, అద్దాలు, ఫొటో పలక అన్నీ బిగించాడు. కిరణాలు చుట్టిన ప్రదేశం 866 చదరపు సెంటీమీటర్లు. బల్లను సెకనుకు సుమారు రెండు చుట్లు తిప్పి, రెండు కిరణాలు కలిసినచోట ఏర్పడే వెలుగునీడల వ్యతికరణ పట్టీలు పక్కకు జరగడం ఫొటో తీశాడు. విశ్వమంతా నిండి ఉన్న ఈథర్ అనే మాధ్యమానికి రుజువు దొరికిందని ప్రకటించాడు కూడా.

తమాషా ఏమిటంటే, రెండేళ్ళ ముందే, 1911లో, జర్మనీకి చెందిన మాక్స్ ఫాన్ లావే ఇలాంటి ప్రయోగం చేస్తే ఏమవుతుందో లెక్క కట్టాడు. నిశ్చలమైన ఈథర్ ఉందనుకున్నా, ఐన్‌స్టీన్ సాపేక్షత సరైనదనుకున్నా పట్టీలు జరిగేది అంతే. అంటే ఈ తగవు తీర్చే శక్తి ఆ ప్రయోగానికి మొదటినుంచీ లేదు. ఈథర్ పోయింది. దాన్ని నిరూపించడానికి పుట్టిన ప్రయోగం మాత్రం సాన్యాక్ ప్రభావం పేరుతో సాపేక్షత పాఠ్యపుస్తకాల్లోకి చేరింది.

చూసి కూడా గుర్తుపట్టనివాడు

సాన్యాక్ కన్నా ముందే ఈ ప్రభావాన్ని చూసినవాడు జర్మనీలోని యేనాలో ఉన్నాడు. ఫ్రాంజ్ హారెస్ అనే పరిశోధక విద్యార్థి గాజు పట్టకాలను వలయంగా పేర్చి తిప్పాడు. కదిలే గాజు కాంతిని ఎంతవరకు తనతో లాక్కుపోతుందో తెలుసుకోవాలన్నది అతని ఉద్దేశం. 1911 నాటి అతని సిద్ధాంత వ్యాసంలో కొలతలకూ లెక్కలకూ పొంతన కుదరలేదు. అడ్డం వచ్చిన ఆ అదనపు జరుగుడే సాన్యాక్ ప్రభావమని తర్వాత ఇతరులు లెక్కలు తిరగేసి తేల్చారు. పేరు మాత్రం ఫ్రాన్స్‌కు దక్కింది.

పొలంలో పరచిన పైపులు

బల్లను తిప్పే బదులు భూమినే బల్లగా వాడుకుంటే? అమెరికాలో షికాగో దగ్గర క్లియరింగ్ అనే చోట 1925లో ఆల్బర్ట్ మైకెల్సన్, హెన్రీ గేల్, ఫ్రెడ్ పియర్సన్ ఆ పనే చేశారు. 12 అంగుళాల వ్యాసం ఉన్న పైపులను 612 మీటర్ల పొడవు, 339 మీటర్ల వెడల్పు దీర్ఘచతురస్రంగా నేల మీద పరిచి, లోపలి గాలి తోడేశారు. సాన్యాక్ బల్లతో పోలిస్తే ఇది 24 లక్షల రెట్లు పెద్దది.

ఇందులో ఒక చిక్కు ఉంది. బల్లనైతే ఆపి, తిప్పి, రెండు ఫొటోలూ పోల్చవచ్చు. భూమిని ఆపడం ఎలా? అందుకు వాళ్ళు పెద్ద దీర్ఘచతురస్రం లోపలే చిన్న దాన్ని ఇంకొకటి అమర్చారు. చిన్నదానిలో జరుగుడు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి అదే సున్నా గుర్తు అయింది. లెక్క ప్రకారం పట్టీ వెడల్పులో 0.236 వంతు జరగాలి. కొలిస్తే 0.230 వచ్చింది. అంత శ్రమకు ఫలితం భూమి తిరుగుతోందని తెలియడమే. ఆ మాట అప్పటికే అందరికీ తెలుసు. కిటికీ లేని గదిలో కూర్చుని కాంతితోనే ఆ సంగతి చెప్పవచ్చని మాత్రం అప్పుడే తెలిసింది.

లేజర్ వయసు మూడేళ్ళు

మొదటి లేజర్ 1960లో వెలిగింది. మూడేళ్ళు తిరగకుండానే, 1963లో, అమెరికాలోని స్పెర్రీ సంస్థకు చెందిన వారెన్ మాసెక్, డి.టి.ఎం. డేవిస్ మీటరు భుజం ఉన్న చదరపు రింగ్ లేజర్‌ను తిప్పి చూపించారు. పైపుల దీర్ఘచతురస్రంలో కాంతి ఒక్కసారి చుట్టి వచ్చి పట్టీలను జరిపేది. లేజర్‌లో ఆ వలయమే కాంతిని పుట్టిస్తుంది, వలయం పొడవే పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తుంది. పొడవులో వచ్చిన తేడా నేరుగా పౌనఃపున్యాల తేడాగా మారుతుంది. పౌనఃపున్యాన్ని లెక్కపెట్టినంత కచ్చితంగా భౌతిక శాస్త్రం మరే రాశినీ కొలవలేదు. మైకెల్సన్‌కు పొలమంత స్థలం కావలసి వచ్చిన పని ఇలా బల్ల మీదికి దిగింది.

ఆకాశంలో ఎక్కువగా తిరిగిన వలయం

ప్రయాణికుల్లో చాలామందికి తెలియకుండానే రింగ్ లేజర్‌తో పరిచయం ఉంది. 1980ల ఆరంభంలో బోయింగ్ 757, 767 విమానాలు హనీవెల్ సంస్థ తయారుచేసిన రింగ్ లేజర్ గైరోస్కోపులతో ఎగిరాయి. గాజు దిమ్మలో త్రికోణంగా సొరంగాలు తొలిచి, మూలల్లో అద్దాలు అతికిస్తే గైరోస్కోపు తయారు. తిరిగే చక్రం లేదు, అరిగే బేరింగు లేదు.

చిన్న వలయాలకు ఒక జబ్బు ఉంది. అద్దాల మీద చెదిరిన కాంతి కొద్దిగా ఎదురు కిరణంలోకి చేరి, రెండు పౌనఃపున్యాలనూ ఒకటిగా బంధించేస్తుంది. నెమ్మదిగా తిరిగితే యంత్రానికి తాను తిరుగుతున్నట్టే తెలియదు. దీనికి మందుగా గైరోస్కోపునే సెకనుకు వందల సార్లు అటూ ఇటూ కంపింపజేస్తారు. నియాన్‌లోనూ ఒక కిటుకు ఉంది. నియాన్-20, నియాన్-22 ఐసోటోపులు కలిపి నింపకపోతే రెండు కిరణాలూ ఒకే పరమాణువుల కోసం పోటీపడి, ఒకటి రెండోదాన్ని ఆర్పేస్తుంది.

హైదరాబాద్‌కూ ఈ కథతో సంబంధం ఉంది. క్షిపణుల దారిచూపు వ్యవస్థలు రూపొందించే డీఆర్‌డీవో ప్రయోగశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఇక్కడే ఉంది. 2011 నవంబరులో పరీక్షించిన అగ్ని-4 క్షిపణిలో రింగ్ లేజర్ గైరో ఆధారిత దిశానిర్దేశక వ్యవస్థ వాడారు.

అన్నిటికన్నా విశాలమైనది

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ శివారు కొండ కింద, 30 మీటర్ల లోతున, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తొలిచిన రహస్య గుహ ఒకటి ఉంది. జపాన్ దండెత్తి వస్తే తలదాచుకునే సైనిక కార్యాలయంగా దాన్ని తవ్వారు. యుద్ధం అక్కడిదాకా రాలేదు. దశాబ్దాల తర్వాత కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ స్టెడ్‌మన్, ఓక్లహోమా నుంచి వచ్చిన హాన్స్ బిల్గర్, వాళ్ళ సహచరులు కలిసి ఆ గుహను రింగ్ లేజర్లకు ఇల్లు చేశారు.

మొదటి వలయం సీ-1 వైశాల్యం చదరపు మీటరు కూడా లేదు. అయినా చెదిరిన కాంతి బంధాన్ని తెంచుకోవడానికి దానికి ఏ కంపనమూ అవసరం పడలేదు, భూభ్రమణమే చాలింది. తర్వాత సీ-2, జీ-0, ఆపైన 17.5 మీటర్లు, 21 మీటర్ల భుజాలతో యూజీ-1 వచ్చాయి. చివరికి యూజీ-2 వెలిగింది. దాని వైశాల్యం 834 చదరపు మీటర్లు. రింగ్ లేజర్లలో అంతకన్నా విశాలమైనది లేదు. భూభ్రమణానికి దాని విస్పందనాలు సెకనుకు 2177. సీ-2 లో అవి 79 మాత్రమే.

2011 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపం నగరాన్ని కూల్చింది. ఆ తర్వాత గుహ కూడా మూతపడింది.

అన్నిటికన్నా నిలకడైనది

విశాలమైనదే గొప్పదైతే కథ యూజీ-2 దగ్గరే ముగిసేది. కానీ వలయం పెరిగేకొద్దీ దాని మూలలు వేర్వేరు బండల మీద నిలుస్తాయి. బండలు తలో తీరుగా వంగుతాయి, అద్దాల అమరిక చెదురుతుంది. సంకేతం పెద్దదే, నిలకడ మాత్రం తక్కువ.

రికార్డు అందుకున్నది జర్మనీలోని బవేరియా అడవుల్లో వెట్‌జెల్ భూమాపన కేంద్రం నేలమాళిగలో ఉన్న 'జి' వలయం. 2001లో అమర్చిన దీని భుజం 4 మీటర్లే. దాన్ని మోసేది 4 మీటర్లకు పైగా వ్యాసం, టన్నుల బరువు ఉన్న జెరోడూర్ పలక. వేడికి దాదాపుగా వ్యాకోచించని గాజు పింగాణీ అది. ఉల్రిక్ ష్రైబర్ బృందం రెండు దశాబ్దాలకు పైగా దీనికి మెరుగులు దిద్దుతూనే ఉంది.

భూమి తిరిగే వేగం గంటకు 15 డిగ్రీలు. గడియారంలో గంటల ముల్లు అంతకు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. అంత మెల్లటి కదలికను జి వలయం తొమ్మిది అంకెల వరకు కొలుస్తోంది. గాలులు, సముద్ర ప్రవాహాలు భూమిని తోస్తూ లాగుతూ ఉంటాయి కనుక ఒక రోజు నిడివి రోజురోజుకీ రవ్వంత మారుతుంది. మిల్లీసెకన్లలో ఉండే ఆ మార్పులను 120 రోజులపాటు పట్టుకున్న ఫలితం 2023లో వెలువడింది.

నేలమాళిగలోంచి ధ్రువం ఊగిసలాట

భూమి అక్షం ఊరికే ఒకచోట నిలవదు. సుమారు 435 రోజులకు ఒకసారి ధ్రువం కొన్ని మీటర్ల మేర వలయంగా తిరిగొస్తుంది. 1891లో అమెరికాకు చెందిన సెత్ చాండ్లర్ నక్షత్రాల కొలతల నుంచి దీన్ని కనిపెట్టాడు. ఇన్నాళ్ళూ దీన్ని చూడాలంటే ఆకాశం వైపే చూడాల్సి వచ్చేది. ఖండాంతరాల్లో రేడియో దుర్భిణులు నిలిపి, కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని క్వాసార్ల మీద గురిపెట్టేవారు. ఆకాశం కనిపించని నేలమాళిగలో ఉన్న జి వలయం 2011లో చాండ్లర్ ఊగిసలాటను నేరుగా నమోదు చేసింది.

2025లో ఇంకో మెట్టు ఎక్కింది. బొంగరంలా తూలే భూమి అక్షం ఒక చుట్టు పూర్తిచేయడానికి సుమారు 26 వేల ఏళ్ళు పడుతుంది. ఆ తూలుడు మీద చంద్రుడు, సూర్యుడు వేసే చిన్న చిన్న ఊపులు ఉంటాయి. వాటిని 250 రోజుల ఏకధాటి కొలతలతో ఈ వలయం ఒంటరిగా పట్టుకుంది.

భూమి పలికే స్వరం

జి వలయంలో కాంతి పౌనఃపున్యం సెకనుకు 474 లక్షల కోట్లు. భూమి తిరగడం వల్ల రెండు కిరణాల మధ్య వచ్చే తేడా 348.5 మాత్రమే. ఈ తేడాను స్పీకరుకు పంపితే చెవికి హాయిగా వినిపిస్తుంది. పాశ్చాత్య సంగీతంలో పియానో నడుమ ఉండే ఎఫ్ స్వరం 349.2. భూమి ఆ శ్రుతికి ఒక్క పిసరు కింద పలుకుతోందన్న మాట.

ఈ స్వరం ఊరిని బట్టి మారుతుంది. నేల మీద పడుకోబెట్టిన వలయానికి అందేది భూభ్రమణంలో ఆ అక్షాంశానికి తగిన వాటా మాత్రమే. అదే వలయాన్ని ధ్రువం మీద ఉంచితే 461 వస్తుంది. హైదరాబాద్‌లో ఉంచితే 138 దగ్గర ఆగుతుంది. భూమధ్యరేఖ మీద పూర్తిగా మూగబోతుంది.

నాలుగు ముఖాల వలయం

ఒక్క వలయం ఒక్క అక్షం చుట్టూ తిరుగుడునే చూస్తుంది. మ్యూనిక్ దగ్గర ఫ్యుర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్‌లో హైనర్ ఇగెల్ బృందం కట్టిన 'రోమీ'లో నాలుగు త్రికోణ వలయాలు ఉన్నాయి. 12 మీటర్ల భుజాలతో అవన్నీ కలిసి, తలకిందులుగా నేలలోకి దిగిన చతుర్ముఖిగా నిలుస్తాయి. మూడు వలయాలు చాలు, దిక్కూ వేగమూ రెండూ తెలుస్తాయి. నాలుగోది మిగతా మూడింటి మాట సరిచూస్తుంది.

దీని అసలు ప్రయోజనం భూకంపాల అధ్యయనంలో ఉంది. మామూలు సీస్మోమీటరు నేల పైకీ కిందికీ, అటూ ఇటూ కదలడాన్ని పట్టుకుంటుంది. నేల మెలితిరగడం దానికి పట్టదు. 2003 సెప్టెంబరులో జపాన్‌లోని హొక్కైడో దగ్గర 8.1 తీవ్రతతో భూకంపం వస్తే, జర్మనీలోని జి వలయం నేల మెలితిరగడాన్ని నమోదు చేసింది. భూకంప శాస్త్రంలో కొత్త శాఖకు అది గట్టి పునాది అయింది.

చక్కెర నీళ్ళకు లొంగదు, అయస్కాంతానికి లొంగుతుంది

ఇక సౌష్ఠవాల సంగతి. అద్దంలో ప్రతిబింబించిన ప్రపంచం అసలు ప్రపంచంలాగే నడుస్తుందా? 1957లో చియెన్-షియుంగ్ వూ కోబాల్ట్-60 కేంద్రకాలతో చేసిన ప్రయోగం బలహీన బలం విషయంలో అలా నడవదని చూపింది. కాలాన్ని వెనక్కి తిప్పితే? 1964లో జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్ కేయాన్ కణాల్లో చూసిన వింత ఆ సౌష్ఠవం కూడా సంపూర్ణం కాదని సూచించింది.

రింగ్ లేజర్ ఈ రెండింటిలో ఒకదానికే స్పందిస్తుంది. చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని ఒక పక్కకు తిప్పుతుంది. అది ఎడమ-కుడి భేదం. అయినా ద్రావణంలో కాంతి ముందుకు పోయినా వెనక్కి వచ్చినా ఒకే విధంగా తిరుగుతుంది కనుక రెండు కిరణాల పౌనఃపున్యాలూ సమానంగానే ఉంటాయి. అయస్కాంత క్షేత్రంలో ఉంచిన గాజు అలా కాదు. 1845లో ఫారడే కనిపెట్టిన ఆ ప్రభావంలో పోయే కాంతికీ వచ్చే కాంతికీ తేడా ఉంటుంది, ఎందుకంటే కాలాన్ని తిప్పితే అయస్కాంత క్షేత్రం కూడా దిక్కు మారుతుంది. కదలకుండా ఉన్న పదార్థం, బయటి క్షేత్రం లేదు, అయినా వలయంలో తేడా కనిపించింది అనుకుందాం. అప్పుడు కాల విపర్యయ సౌష్ఠవం ఎక్కడో తెగినట్టే. న్యూజిలాండ్ గుహలో వలయాలు పెట్టినవాళ్ళ ఆశల్లో ఇదీ ఒకటి. 1987లోనే స్టెడ్‌మన్, బిల్గర్ శూన్యంలో దాగిన ఎడమ-కుడి వింతను రింగ్ లేజర్ బయటపెట్టగలదా అని ఒక పరిశోధన పత్రంలో చర్చించారు. వలయాలు మాత్రం భూమి తిరుగుడే చెబుతూ వచ్చాయి.

అతి చక్కటి సున్నా

లోరెంట్జ్ సౌష్ఠవం ప్రకారం కాంతి ఏ దిక్కుకు పోయినా వేగం ఒక్కటే. విశ్వ నేపథ్య వికిరణంతో పోలిస్తే మనం సెకనుకు సుమారు 370 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తున్నాం. ఆ ప్రయాణ దిశలో ముందుకు పోయే కాంతికీ వెనక్కి పోయే కాంతికీ అణుమాత్రం తేడా ఉందేమో వలయంతో చూడవచ్చా?

ఇక్కడ వలయానికి ఒక లోటు ఉంది. ముందుకు వెళ్ళేటప్పుడు పోగొట్టుకున్నది తిరిగొచ్చేటప్పుడు సంపాదించుకుంటే, చుట్టు పూర్తయ్యేసరికి మొత్తం సున్నా. దారి మూసుకున్నదైతే ఈ గతి తప్పదు. దానికి విరుగుడు, దారిలో ఒక భాగాన్ని మాత్రం వేరే పదార్థంతో నింపడం. 1973లో అమెరికాలో ట్రిమ్మర్ బృందం త్రికోణ వలయంలో ఒక భుజాన గాజు పెట్టింది. టోక్యో విశ్వవిద్యాలయంలో యూటా మిచిమురా బృందం వలయంలో సిలికాన్ ముక్క పెట్టింది. కంటికి నల్లగా కనిపించే సిలికాన్ పరారుణ కాంతికి పారదర్శకం. ఈ వలయాన్ని లేజర్ అనడానికి వీల్లేదు. బయటి లేజర్ కాంతిని ఒకసారి ఒక దిక్కున, అదే కాంతిని తిప్పికొట్టి రెండో దిక్కున పంపే అద్దాల వలయం. మొత్తం అమరికను తిరుగుడు బల్ల మీద పెట్టి కొలతలు తీశారు.

2013లో వెలువడిన ఫలితం ప్రకారం, తేడా అంటూ ఉంటే అది కాంతి వేగంలో 10 పక్కన మరో 13 సున్నాలు చేర్చిన సంఖ్యలో ఒక వంతుకు మించదు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతికి అది సెకనుకు 3 మైక్రోమీటర్లు. గంటకు ఒక సెంటీమీటరు అనుకోండి. అంతకుముందున్న ఉత్తమ హద్దుల కన్నా కొన్ని పరామితుల్లో ఇది ఐదు రెట్లకు పైగా, ఒకదానిలో 12 రెట్లు బిగువైనది. ఏమీ దొరకని ప్రయోగం ఇలా కొన్ని సిద్ధాంతాలకు దారి మూసేసింది. సౌష్ఠవాల వేటలో మునుపటి సున్నా కన్నా బిగువైన సున్నానే బహుమతి.

కాంతే కానక్కరలేదు

తరంగం ఏదైనా సరే, చుట్టి రాగలిగితే సాన్యాక్ ప్రభావం కనిపిస్తుంది. 1965లో అతివాహకంలోని ఎలక్ట్రాన్ జంటలతో జిమ్మర్‌మన్, మెర్సెరో చూపించారు. 1979లో మిస్సోరీ రియాక్టరు నుంచి వచ్చిన న్యూట్రాన్లతో వెర్నర్ బృందం భూభ్రమణాన్నే కొలిచింది. 1993లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో హాసెల్‌బాఖ్, నిక్లాస్ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లతో చూశారు.

గడియారాలు కూడా ఈ వరుసలోనివే. 1971లో హాఫెలె, కీటింగ్ పరమాణు గడియారాలను మామూలు విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పారు. తూర్పుగా తిరిగినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా తిరిగినవి 273 నానోసెకన్లు ముందుకు పోయాయి. ఎత్తు వల్ల వచ్చే వాటా రెండింటికీ ఉంటుంది, తూర్పు పడమరల భేదం మాత్రం భూభ్రమణానిదే. భూమధ్యరేఖ వెంట సంకేతం ఒక చుట్టు తిరిగొస్తే 207 నానోసెకన్ల తేడా వస్తుంది. కాంతి ఆ వ్యవధిలో 62 మీటర్లు పోతుంది. మన ఫోన్లలో జీపీఎస్ ఈ తేడాను సవరించుకోకపోతే దారి తప్పుతుంది.

చీకటి పదార్థానికి వల

వలయాలకు అప్పజెప్పిన సరికొత్త పని యాక్సియాన్ల వేట. కేంద్రకాల బలమైన బలంలో కాల విపర్యయ సౌష్ఠవం ఎందుకంత చక్కగా నిలిచిందో వివరించడానికి ఊహించిన కణం యాక్సియాన్. విశ్వంలోని చీకటి పదార్థం ఇదే కావచ్చని కూడా అనుమానం. అదే నిజమైతే ఎడమకు మెలితిరిగిన కాంతికీ కుడికి మెలితిరిగిన కాంతికీ వేగంలో లేశమంత తేడా వస్తూ పోతూ ఉండాలి. అద్దం తగిలినప్పుడల్లా కాంతి మెలిక తారుమారవుతుంది కనుక మామూలు అద్దాల జత మధ్య ఆ తేడా కొట్టుకుపోతుంది. బో-టై ఆకారంలో అద్దాలు అమర్చిన వలయంలో మిగులుతుందని 2018లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ ప్రయోగానికి పెట్టిన పొట్టి పేరు 'డాన్స్'.

అన్నిటికన్నా లోతైనది, ఇంకా ఖాళీగా ఉన్న గడి

ఇటలీలో గ్రాన్ సాసో పర్వతం కింద, మోటారు వాహనాల సొరంగం పక్కనే, 1400 మీటర్ల రాతి కప్పు కింద ఒక భౌతిక ప్రయోగశాల ఉంది. ఆంజెలా డి విర్జిలియో బృందం అక్కడ నడిపే 3.6 మీటర్ల భుజం గల వలయం పేరు జింజరీనో. రాతి మాటున ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. పైన వీచే గాలి, కురిసే వాన దాన్ని అంతగా కదిలించలేవు. భ్రమణ వేగంలో ఫెమ్టో రేడియన్ల స్థాయి అలజడిని కూడా ఆ వలయం గుర్తించగలదని 2024లో ప్రకటించారు. ఫెమ్టో అంటే లక్ష కోట్లలో ఒక వంతు తీసుకుని, అందులో వెయ్యో వంతు.

అంత సూక్ష్మత ఎందుకంటే, ఒక రికార్డు ఇంకా ఎవరికీ దక్కలేదు. 1918లో జోసెఫ్ లెన్స్, హాన్స్ థిరింగ్ ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి ఒక ఫలితం రాబట్టారు. తిరిగే ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న దేశకాలాన్ని కూడా కొద్దిగా తనతో తిప్పుకుపోతుంది. అమెరికా 2004లో ప్రయోగించిన గ్రావిటీ ప్రోబ్-బి ఉపగ్రహం దీన్ని సుమారు 19 శాతం అనిశ్చితితో కొలిచింది. నేల మీద ఉన్న పరికరంతో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. భూభ్రమణంలో ఇది వంద కోట్లలో ఒక వంతు. జింజరీనో వెనక రానున్న పెద్ద వలయాల సముదాయం జింజర్ లక్ష్యం ఇదే. ఆ మాత్రం సూక్ష్మత వస్తే గురుత్వాకర్షణలో లోరెంట్జ్ సౌష్ఠవం తెగిందా లేదా అన్నదీ అదే వలయం పరీక్షిస్తుంది. ఇక్కడొక పేచీ ఉంది. వలయం చెప్పేది భూభ్రమణాన్నీ దేశకాలం తిరుగుడునూ కలిపిన మొత్తం. దానిలోంచి క్వాసార్లతో కొలిచిన భూభ్రమణాన్ని తీసేస్తేనే దేశకాలం వాటా తేలుతుంది. ఆకాశం చూడకుండా భూమిని కొలిచే యంత్రానికి, ఈ ఒక్క రికార్డు కోసం మాత్రం ఆకాశం లెక్క కూడా కావాలి.